వేలిజాడ లేని వరద పుస్తకం

పచ్చళ్ల పుస్తకం మీద నీలికిరణం పడగానే పేజీ పేజీ దీపావళిలా వెలిగిపోయింది. దక్షిణ జాతీయ గ్రంథాలయంలో కొత్తగా పెట్టిన ‘స్పర్శిని’ మెషీన్ పని అది. కాగితం మీద వేళ్లు వదిలిన జిడ్డు ఆ కిరణానికి మెరుస్తుంది. ఎంత మెరిస్తే అంతమంది చదివినట్టు. ఎక్కువమంది చదివినవాటిని డిజిటల్ చేస్తారు. ఎవరూ ముట్టనివాటిని భూగర్భ గదిలో పెట్టి సీలు వేస్తారు.

“సార్, అది చదివిన జాడ కాదు, తాలింపు జాడ,” అంది హిమజ.

మెషీన్ కనిపెట్టిన డాక్టర్ అనంతశయనం నవ్వలేదు. “నూనె మోసుకొచ్చింది చెయ్యే కదమ్మా.”

పెన్నా వరదను ముందే లెక్కగట్టే మోడల్ తయారుచేస్తోంది హిమజ. పాత వరదల నీటిమట్టాలు ఒక్క చేతిరాత పుస్తకంలోనే ఉన్నాయి. అవి లేకపోతే ఏ ఊరు ఎప్పుడు ఖాళీ చెయ్యాలో మోడల్ చెప్పలేదు. ఆ పుస్తకం కిరణం కింద ఒక్క చుక్కా మెరవలేదు.

మెరవదు మరి. అపురూప గ్రంథాలను గ్లవ్స్ లేకుండా ముట్టకూడదన్నది ఈ గ్రంథాలయం రూలే. ఎంత విలువైన పుస్తకమైతే అంత సున్నా. హిమజ ఈ మాట లెక్కలు వేసి మరీ చూపించింది. డాక్టర్‌గారు ఓపిగ్గా విన్నారు, లెక్క సరైనదే అన్నారు, రూలు మార్చే కమిటీ వచ్చే ఏడాది కూర్చుంటుందన్నారు. సీలు మాత్రం రేపే. ఫోటోలు తీసుకుంటానంటే, ఫోన్ గేటు దాటి లోపలికి రాదన్నారు.

“పోనీ, చివరిసారి చూసుకుంటాను సార్.”

గ్లవ్స్ ఇచ్చి ఆయన టీకి వెళ్లారు. అన్ని అంకెలు రాసుకోవడానికి ఒక టీ వ్యవధి ఏం సరిపోతుంది? హిమజ గ్లవ్స్ బల్లమీద పడేసింది. కొబ్బరినూనె పట్టించిన జడ మీద బొటనవేలు రుద్దుకుంటూ, అంకెలకు తగలకుండా ప్రతి పేజీ మూలా నొక్కుతూ పోయింది.

సీలుకు ముందు పుస్తకాన్ని మరోసారి మెషీన్ ఎక్కించడం పద్ధతి. మర్నాడు ఎక్కిస్తే ఈసారి భగ్గున వెలిగింది. సాయంత్రానికి డిజిటల్ కాపీ సిద్ధం. కాపీ అయ్యాక అసలు పుస్తకాన్ని ఇక ఎవరికీ ఇవ్వరు. పెన్నా మీద పరిశోధన చేసే సభ్యులకే ఆ కాపీ తెరుచుకుంటుంది. అలాంటి సభ్యురాలు హిమజ ఒక్కతే.

ఆమెకూ తెరుచుకోలేదు.

“వేళ్లు ఎవరివో కూడా మెషీన్ చెబుతుందమ్మా,” అన్నారు డాక్టర్‌గారు ఇబ్బందిగా. “గ్లవ్స్ తీసినందుకు నీ సభ్యత్వం రద్దయింది.”

“పోతే పోయింది. మీరు కాపీ తెరిచి చదవండి సార్, నేను రాసుకుంటాను.”

“సిబ్బందికి మెరుపే కనిపిస్తుంది, అక్షరాలు కనిపించవు. నాకైనా అంతే.”

ఆయన స్క్రీన్ ఆమె వైపు తిప్పారు. ప్రతి పేజీ మూలా ఆమె బొటనవేలు ధగధగలాడుతోంది. మధ్యలో, నీటిమట్టాలు ఉండాల్సిన చోట, అంతా నలుపే.