చేరినా అందని మెయిళ్లు

ఆ అమ్మాయి వస్తూనే కుర్చీలో కూలబడింది. కృత్రిమ కాళ్ల కంపెనీలో మెయిళ్ల వ్యవహారమంతా తనదే. రోగుల కొలతల్ని, ఆ కాళ్లు పోతపోసే భాగస్వామి కంపెనీకి పంపుతుంది. పది రోజులుగా ఒక్కటీ అందలేదని వాళ్లంటున్నారు. చేరినట్టు రసీదులేమో ఈమె దగ్గరున్నాయి.

"రసీదులు నేనే పుట్టించానంటున్నారండీ. సాయంత్రంలోగా నిజం తేలకపోతే నా ఉద్యోగం పోయినట్టే!"

డిటెక్టివ్ అత్తగారు ముందు మంచినీళ్లిచ్చింది. పక్కన కోడలు నోటుబుక్కు తెరిచింది. అత్తగారి దగ్గర సహాయకురాలిగా మూడేళ్లు గడిచినా, ఆవిడ ప్రశ్నలు మొదలెడితే కోడలికి ఇప్పటికీ రెప్ప వాలదు.

"నీ సొంత ఫోన్లోంచి వాళ్లకెప్పుడైనా మెయిల్ పెట్టావా తల్లీ?"

"నిన్న పెట్టాను, బతిమాలుకుంటూ. నిమిషంలో జవాబొచ్చింది."

"మరి ఆఫీసు మెయిళ్లో?"

"అవి బయటి ఇంటర్నెట్‌లో పోవండీ. రోగుల వివరాలు కదా! రెండు కంపెనీలకీ మధ్య విడిగా ప్రైవేటు లైనుంది."

"ఈమధ్య వాళ్లేమైనా మార్చారా?"

"పది రోజుల కిందట కొత్త భవనంలోకి వెళ్లారు."

అత్తగారు చెప్పులు తొడుక్కుంది. "పద కోడలా, పాత భవనానికి."

"కొత్తదానికి కాదా అత్తయ్యా?"

"అక్కడ లేవనేగా మొత్తుకుంటున్నారు!"

మధ్యాహ్నానికల్లా ఆ ఖాళీ భవనానికి అందర్నీ రప్పించింది. అమ్మాయి యజమాని వచ్చాడు, భాగస్వామి కంపెనీ కంప్యూటర్ల అధికారి వచ్చాడు. మూలగదిలో ఒక పెట్టె పచ్చలైటుతో మినుకుమంటోంది.

అత్తగారు భవనం ఖాళీ చేసినప్పటి కాగితం అధికారి ముందు పెట్టింది. "పాత మెయిల్ యంత్రం తీసేశానని సంతకం పెట్టింది మీరేగా?"

"సామాన్లు మార్చే హడావిడిలో... తర్వాత తీద్దామనుకున్నానండీ" అన్నాడు అధికారి.

"బయటి మెయిళ్లకి కొత్త దారి చూపించారు, అందుకే ఫోన్‌ది చేరింది. ప్రైవేటు లైను కొస మాత్రం ఇక్కడే వదిలేశారు. వచ్చినవన్నీ పుచ్చుకుని, ఈ పెట్టె బుద్ధిగా రసీదులిస్తూ కూర్చుంది. మీకు అనుమానం రాలేదా?"

"మూడోరోజే వచ్చింది. సంతకం గుర్తొచ్చి నోరు పెగల్లేదు." అతను తల దించుకున్నాడు.

అమ్మాయి గబగబా ఆ పెట్టెలోని మెయిళ్లు తెరిచి చూసింది. నలభై ఒక్కమంది కొలతలూ భద్రంగా ఉన్నాయి.

"నన్ను క్షమించమ్మా, నిన్ను నమ్మలేకపోయాను" అన్నాడు యజమాని.

"అదృష్టం, దీన్నెవరూ ఆపలేదు" అంది కోడలు.

గుమ్మం దగ్గర ముసలి వాచ్‌మన్ ఇబ్బందిగా కదిలాడు. "ఆపమని నాకెవరూ చెప్పలేదమ్మా. లైటు వెలుగుతోంది, ఎవరికో పనికొచ్చేదే అయ్యుంటుందని రోజూ దుమ్ము తుడుస్తున్నా."

అమ్మాయి వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆమెకి కళ్లనీళ్లు వచ్చాయి.

"ఊరుకో తల్లీ, గుడ్డముక్కతో తుడిచినందుకే ఇంత మర్యాదా!" అన్నాడాయన. అన్నాడే గాని, చేతులు వెనక్కి తీసుకోలేదు.