మంచం కోడుకు కట్టిన చీర

నా రాతలో తప్పులుంటే మన్నించాలి. అరవయ్యో ఏట మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దినదాన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను. ఈ కాస్త కథకే పదిహేను రోజులు పట్టింది.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు. ఆదివారం గంపలోని చేపలు అమ్ముడయ్యేసరికి కొండలమ్మకు నడుము పడిపోయినంత పనైంది. విజయవాడ మార్కెట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, పొద్దున వండి తెచ్చుకున్న పులుసు గిన్నె పట్టుకుని గన్నవరం బస్సెక్కింది. ఆ దారిలోని ముసలివాళ్ల ఆశ్రమంలో ఆమె తల్లి అంకాలమ్మ ఉంటోంది. కొండలమ్మ అద్దెగది మేడ మీద. ఆమె మార్కెట్‌కు పోతే తల్లిని చూసే దిక్కు లేదు. తల్లి మెట్ల మీద పడి తుంటి విరిగాక, గత్యంతరం లేక అక్కడ చేర్చింది.

ఆశ్రమంలోనూ అంకాలమ్మ రెండుసార్లు పడింది. రెండోసారి నుదురు చిట్లింది. అప్పుడు కొండలమ్మే తన మెత్తటి పాత చీర తెచ్చి, తల్లి నడుముకు చుట్టి మంచం కోడుకు కట్టింది. కొల్లేట్లో పడవను గట్టుకు కట్టే ముడి అది. లాగేకొద్దీ బిగుస్తుంది. ఆయా రావమ్మకు కూడా ఆ ముడి నేర్పి వెళ్లింది. ఇప్పటికి రెండు నెలలు.

"ఈ వారం పడిందా, రావమ్మక్కా?" గుమ్మంలోనే అడిగింది.

"లేదమ్మా. నీ ముడి గట్టిది."

హమ్మయ్య అనుకుంది కొండలమ్మ. అంకాలమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"అమ్మా, కొర్రమీను పులుసు తెచ్చా. ఇవాళ మార్కెట్లో దాని రేటెంతో చెప్పుకో."

తల్లి పలకలేదు. చేప ధర అడక్కుండా ముద్ద నోట పెట్టుకున్న మనిషి కాదు ఆమె. రెండు ముద్దలు మింగి చాలంది. దుప్పటి సర్దుతుంటే పిక్కలు కనబడ్డాయి. కండ లేదు, తోలు వేలాడుతోంది.

"ఇట్టా చిక్కిపోయావేంటే? తిండి పెట్టట్లేదా వీళ్లు?"

పక్క మంచం మీద జైతూన్ బీ వక్క నమలడం ఆపింది. "తిండికేం బేటీ, పెడుతున్నారు. మీ అమ్మ నాతో పోట్లాడటం కూడా మానేసింది. నాకు పొద్దే పోవట్లేదు. పడలేదని సంబరపడుతున్నావు. మూట ఎక్కడన్నా పడుద్దా?"

"నువ్వూరుకో బీబమ్మా! మళ్లీ పడితే నువ్వొచ్చి మోస్తావా?"

"నేనెక్కడ మోస్తా? నన్నే నలుగురు మోయాలి."

కొండలమ్మ రావమ్మ మీదికి తిరిగింది. "ఏమక్కా, పొద్దస్తమానం కట్టే ఉంచుతున్నారా? ఎవరూ దగ్గర లేనప్పుడు కట్టమన్నాను గానీ..."

"అదేగా చేస్తోంది," అంది రావమ్మ, కోపం కూడా లేని గొంతుతో. "ఇరవై రెండు మంది ముసలాళ్లు, మేం ఇద్దరం ఆయాలం. ఎవరైనా దగ్గర ఉండేది ఎప్పుడమ్మా?"

అప్పుడు అంకాలమ్మ ఇటు తిరిగింది.

"దాన్నెందుకంటావు? కట్టింది నువ్వు. ఇక్కడ నేను పడ్డ రెండుసార్లూ ఎక్కడికి పోతూ పడ్డానో అడిగావటే?"

"బాత్రూముకేగా?"

"గేటు దగ్గరికి. ఇక్కడి వంటావిడకి మొప్పలెత్తి చూడటం రాదు. అక్కడికొచ్చే చేపలావిడ మెత్తబడ్డవి అంటగట్టి పోతోంది. నేను బేరమాడి మంచివి ఏరి ఇచ్చేదాన్ని. ఆ కాసేపూ నేను మనిషినని అనిపించేది. పడితే పోతాను, అంతేగా. ఇట్టా కట్టేస్తే పోవడానికి కూడా కుదరట్లేదు."

"అంతేగా అంటావా?" కొండలమ్మ అరిచింది. "పోవు! మళ్లీ తుంటి విరుగుద్ది, మంచాన పడతావు! ఎవరు చూస్తారు? నాకు ఓపిక లేదమ్మా. గన్నవరం బస్సు ఆగితే చాలు, నువ్వు పడ్డావని కబురొచ్చిందేమో అని గుండె దడ. నువ్వు కట్టేసి ఉంటేనే నాకు నిద్ర పడుతోంది."

అన్నాక గానీ ఆ మాట ఆమె చెవిన పడలేదు. ఈ చీర తల్లి కోసం కట్టింది కాదు. వంగి ముడి విప్పసాగింది. లాగి లాగి బిగిసిన ముడి, గోరు విరిగింది.

గోల విని వార్డెన్ మరియదాసు వచ్చారు. "విప్పితే పూచీ మాది కాదమ్మా."

"వేలిముద్ర వేస్తానండీ. పడినా మిమ్మల్ని ఒక్క మాట అనను."

"చేపలొచ్చే వేళకి నేను చెయ్యి పట్టుకు తీసుకెళ్తాలెండి," అంది రావమ్మ. "మిగతా వేళ నావల్ల కాదు. ముందే చెబుతున్నా."

"అది చాలక్కా."

కూతురి భుజం పట్టుకుని అంకాలమ్మ లేచింది. తొమ్మిదడుగులు నడిచింది. వరండాలో మోకాళ్లు మడత పడ్డాయి. కొండలమ్మ నడుం పట్టుకున్నా ఆగలేదు, ఇద్దరూ కలిసే గచ్చు మీద కూలబడ్డారు.

"పడ్డానా?"

"పడ్డావమ్మా."

"నీకేమన్నా తగిలిందా?"

కొండలమ్మ తల అడ్డంగా ఊపి, తల్లి ఒళ్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంకాలమ్మ కాసేపు ఆమె వీపు నిమిరింది.

"సరే, ఇక లేపు," అంది. "గేటు ఇంకా చాలా దూరముంది."

— బత్తుల పెద్దింట్లమ్మ, డెబ్భై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉండేది కంకిపాడులో, చిన్నకూతురి ఇంట్లో.