నేరుగా మూడో ఏడాదిలోకి

"నా రఫ్ కాగితాలు యాడ?"

లండన్‌లోని హేస్ స్టేషన్ పక్కనున్న ప్రింటింగ్ షాపులోకి తలుపు తోసుకుని వచ్చిన సహస్ర, గొడుగైనా ముడవకుండా అడిగిన మొదటి మాట అది. గొడుగు అంచుల నీళ్లు కౌంటర్ మీద కారుతున్నా, తుడిచే సాహసం చేయలేదు సాకేత్.

"రఫ్‌వా? రీసైక్లింగ్‌ల వేసిన. మొన్ననే కౌన్సిల్ లారీ తీస్కపోయింది."

"నా బొమ్మల్ని చెత్తలో వేసినావా!"

"చెత్తల కాదండి, రీసైక్లింగ్‌ల..."

సాకేత్ కరీంనగర్ నుంచి కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చి, ఖాళీ పూటల్లో ఈ షాపులో పనిచేస్తున్నాడు. బొమ్మలన్నీ స్కాన్ చేసి పోర్ట్‌ఫోలియోగా కూర్చమని కట్ట మొత్తం అతని చేతికే ఇచ్చింది సహస్ర. అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే: ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ రికార్డు రాసిన పద్ధతి. కొట్టివేత కనిపిస్తే సారు సంతకం పెట్టడు. అందుకే చెరిపిన గీతలను, చెడిన రంగులను, ముక్కు కుదరని ముఖాలను ఏరి పారేసి, మిగిలిన చక్కని బొమ్మలకు నల్లని అంచు కట్టి ఇచ్చాడు. ఎంత శుభ్రంగా ఉందోనని తానూ మురిసిపోయి, దాన్ని అలాగే న్యూకాసిల్‌లోని యూనివర్సిటీకి పంపేసింది సహస్ర.

"చదువు, వాళ్ల జవాబు," అంటూ ఫోను అతని ముఖం ముందుకు జరిపింది.

పూర్తయిన బొమ్మలు బాగున్నాయి. అవి ఎలా పుట్టాయో చూపే పని మాత్రం ఏదీ లేదు. శుక్రవారం ఇంటర్వ్యూకు అది తీసుకురండి. లేకపోతే మొదటి సంవత్సరంలోనే చేర్చుకోగలం. అదీ సారాంశం.

సాకేత్ దాన్ని రెండోసారి చదివాడు. "ఇక్కడ రఫ్ గూడ చూస్తరా?"

"ఇక్కడ రఫే చూస్తారు! ఇక్కడి లోకల్ కాలేజీలో రెండేళ్లు ఫౌండేషన్ డిగ్రీ, ఆపైన నేరుగా యూనివర్సిటీలో మూడో ఏడాది. అట్లయితేనే ఆర్ట్ చదవమన్నాడు మా నాన్న. మళ్లా ఫస్ట్ ఇయర్ అంటే కంప్యూటింగ్‌లో చేర్పిస్తాడు. నీ పక్కన కూర్చుని నేనూ కోడ్ రాస్తా. సంతోషమా?"

'పక్కన' అన్న మాటకు అతని చెవులు ఎర్రబడ్డాయి. అది చూసి ఆమెకు మరింత మండింది.

ఇంట్లో తండ్రి సదాశివం గారు తీర్పు సిద్ధంగా ఉంచుకున్నారు. ప్రొద్దుటూరు వదిలి లండన్‌లో సాఫ్ట్‌వేరు మేనేజరైనా, తీర్పు చెప్పేటప్పుడు ఆయన నోట ప్రొద్దుటూరే పలుకుతుంది.

"విన్నావా నిర్మలా? రెండేండ్లు బొమ్మలేసినాక మళ్లా మొదటికే రమ్మంటాండారు. ఇంగ చాలు. కంప్యూటింగ్‌కు అప్లై చేయనీ."

"నాన్నా, శుక్రవారం న్యూకాసిల్ పోతాండా."

"ఆడ ఏం చూపిస్తావు?"

"ఏమీ లేదు. అయినా పోతా."

"ఎవర్ని అడిగి?"

"అడగల్యా నాన్నా. చెప్తాండా."

నిర్మలాదేవి చేతిలోని గరిటె రసం గిన్నెలోనే నిలిచింది. ఆ ఇంట్లో అటువంటి మాట అంతకు ముందు ఎవరూ పలకలేదు. భర్త వైపు చూడకుండానే కూతురిని అడిగింది: "పొద్దున ఎన్ని గంటలకు ట్రైను? పులిహోర కడతా."

శుక్రవారం పొద్దున, న్యూకాసిల్ రైలెక్కే కింగ్స్ క్రాస్ ప్లాట్‌ఫారం మీద సాకేత్ నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకు?"

"తప్పు నాది. వాళ్లకు నేనే చెప్త."

"నా తరఫున నువ్వు మాట్లాడొద్దు. పంపింది నేను."

"సరే, మాట్లాడ. ఊకెనే వస్త."

ఊరకే వచ్చినవాడు పులిహోరలో సగం తిన్నాడు. కిటికీ బయట పొలాలు తడుస్తూ వెనక్కి పోయాయి. చూపులు కలిస్తే అతను పొలాలను చూశాడు. ఆమె అతన్ని చూసింది.

ఇంటర్వ్యూ గదిలో, కళ్లద్దాలు తలపైకి నెట్టుకున్న ఒక ప్రొఫెసరమ్మ సౌమ్యంగా అడిగింది: "మీ ప్రయత్నాలు ఎక్కడ?"

"పోయాయి," అంది సహస్ర. "తప్పు కనిపిస్తే మార్కులు పోతాయని మాకు నేర్పారు. నేనూ నమ్మాను. ఇక నమ్మను. నాకొక గంట, కొంచెం బొగ్గు, కాగితాలు ఇవ్వండి. మీ ముందే తప్పులు చేస్తాను."

ప్రొఫెసరమ్మ కనుబొమలు లేచాయి. "ఎవరిని గీస్తారు?"

కారిడార్లో తడిసిన జాకెట్‌తో కూర్చున్న సాకేత్‌ను లోపలికి పిలిచారు.

"ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకోకు," అంది సహస్ర తెలుగులో.

"మరెట్ల కూసోవాలె?"

"నేను ఇక్కడ లేనట్టు."

"అది నాతోని కాదు."

ఆమె చేతిలో బొగ్గు విరిగింది. మరో ముక్క అందుకుంది. ఒక కాగితంలో భుజం జారింది, ఒకదానిలో మెడ సాగింది, చెరిపింది, చించలేదు. మాటిమాటికీ తప్పుకునే చూపు, మాటిమాటికీ తిరిగివచ్చే చూపు. ఆ రాకపోకలను గీతలో పట్టేసరికి నేలంతా కాగితాలే పరుచుకున్నాయి.

ప్రొఫెసరమ్మ మోకాళ్లపై కూర్చుని, చివరిదాన్ని వదిలి, మధ్యలో చెడినదాన్ని ఎత్తింది. "ఇక్కడ మనసు మార్చుకున్నారు. ఎందుకు?"

"అతను నన్ను చూస్తున్నట్టు గీశాను. నిజానికి, చూడనట్టు నటిస్తున్నాడు."

ప్రొఫెసరమ్మ నవ్వేసింది. "సెప్టెంబరులో కలుద్దాం. మూడో సంవత్సరంలో."

బయటికి రాగానే తండ్రికి ఫోను చేసింది సహస్ర. "నేరుగానే ఇచ్చినారు నాన్నా."

"నేను చెప్పిన కోర్సు కాదు గదా అది."

"కాదు నాన్నా."

"ఊఁ. ఆడ చలి ఎక్కువ. మందం కోటు కొనుక్కో."

స్టేషన్‌కు నడుస్తూ, టైన్ నది మీది వంతెన దగ్గర సాకేత్ ఆగాడు. "సహస్ర గారూ, నాకు మీరంటే..."

"తెలుసు. గంటసేపు నీ మొహమే చూసినా కదా."

"మరి... మీకు?"

"చూడబుద్ధి కాకుంటే అంతసేపు గీస్తానా?"

అతను ధైర్యం కూడదీసుకున్నాడు. "లండన్‌ల గూడ మంచి యూనివర్సిటీలున్నయి..."

"ఆ మాట మళ్లీ అనొద్దు," ఆమె గొంతు గట్టిపడింది. "నాన్న చెబితేనే ఆగల్యా, నీ కోసం ఆగుతానా? నేను ఇక్కడే చదువుతా. కావాలంటే నువ్వు రా."

"వస్త."

"వానొచ్చినా?"

"వస్త."

"పరీక్షలున్నా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "పుస్తకాలు తెచ్చుకుంట."

సహస్ర పకపకా నవ్వి, మసి చేతితోనే అతని చేయి పట్టుకుంది. స్టేషన్ వచ్చేదాకా వదలలేదు.