లబీబ్ మాస్టారి డెఫినిషన్

"ఒరే వఫీక్, నీ చేతిలో ఉన్నది పదకొండు ప్రాణాలు," అన్నాడు గూఢచారి శాఖ పెద్ద రుష్దీ బే.

చేతిలో ఉన్నది ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు వాడే ఫ్లాష్‌కార్డు. దాని రెండు పొరల మధ్య మైక్రోఫిల్మ్. సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న పదకొండుమంది ఏజెంట్ల చిరునామాలు అందులో ఉన్నాయి. వాళ్లను వెనక్కి తెచ్చే మనిషికి అది అందాలి. శత్రువుకు అందితే పదకొండు శవాలు.

"ఎవరికివ్వాలి పాషా?"

"సుహైలాకి. నువ్వెప్పుడూ చూళ్లేదు. ముహర్రం బే పేటలో లబీబ్ మాస్టారి వొకాబులరీ క్లాసుకొస్తుంది. మనలాగే ఆమె కూడా ఆయన దగ్గర చదివిన పిల్లే. నువ్వు 'స్కేర్స్' అను. ఆమె దాని వ్యతిరేకపదం 'అబండెంట్' అని చెబితే కార్డిచ్చెయ్. కింద ఉడికించిన చిక్కుళ్లు అమ్మే ఫూల్ బండి దగ్గర మనవాళ్లు ఇద్దరుంటారు."

సాయంత్రం నాలుగింటికి వఫీక్ బ్యాంకు గుమాస్తా వేషంలో చివరి బెంచీలో కూర్చున్నాడు. నలభైమంది విద్యార్థులు గొంతెత్తి పర్యాయపదాలు వల్లిస్తున్నారు. చెమటకి పెట్టుడుమీసం ఊడేలా ఉంది. నిజం చెప్పొద్దూ, పదేళ్ల సర్వీసులో అతను ఇంతగా ఎప్పుడూ భయపడలేదు. ఎవరు దగ్గినా ఉలిక్కిపడుతున్నాడు.

పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. నల్లకళ్లద్దాలు, మల్లెపూల సెంటు, సినిమాతారలాంటి మనిషి.

"స్కేర్స్," అన్నాడు వఫీక్.

"అబండెంట్."

హమ్మయ్య! కార్డు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దానిమీది పదం చూసి నవ్వింది.

"మిటిగేటా? తగ్గించడం. ఇది కూడా రాదా వీళ్లకి?"

వఫీక్ పైప్రాణాలు పైనే పోయాయి.

లబీబ్ మాస్టారి పుస్తకంలో మిటిగేట్ అంటే 'పెంచడం' అని ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందటి అచ్చుతప్పు. బెత్తానికి జడిసి ఎవరూ నోరెత్తలేదు. అసలు అర్థం తరువాత డిక్షనరీలో చూసుకున్న వఫీక్ నోటికి కూడా ఇప్పటికీ ముందు 'పెంచడం' అనే వస్తుంది. ఈ గదిలో చదివినవాళ్లెవరూ చచ్చినా ఇంకో మాట అనరు.

ఇది సుహైలా కాదు.

అతని మొహం చూసి ఆమెకు అర్థమైపోయింది. ఆమె ఉంగరంలోని సూది మొన వఫీక్ డొక్కకి ఆనింది. "విషం హబీబీ. నేను మెట్లు దిగేదాకా కదలకు," అంటూ, సూదిని అతని మెడ దగ్గరే ఉంచి లేచింది.

అరిస్తే తను చస్తాడు. అరవకపోతే పదకొండుమంది చస్తారు. కళ్లు మూసుకుని అరిచాడు.

"మాస్టారూ! మీ డెఫినిషన్ తప్పంటోంది ఈవిడ!"

నలభై తలలు తిరిగాయి. లబీబ్ మాస్టారు తలుపుకి తాళం వేసి, బెత్తం అందుకున్నారు. ఆయన క్లాసులో ఎదురు చెప్పినవాళ్లు వందసార్లు ఇంపొజిషన్ రాసేదాకా తాళం తియ్యరు.

"నా పుస్తకంలో తప్పా? ఎవరమ్మా నువ్వు?"

ఆమె కిటికీ వైపు దూకింది. కింద మోటార్‌సైకిల్ మీద ఎవడో చేతులు చాచి ఉన్నాడు. కార్డు వేళ్లు దాటేలోగా బెత్తం మణికట్టు మీద ఫెళ్లున పడింది. కార్డు లోపలే పడింది, సూది ఉంగరం కూడా.

"కూర్చో! వందసార్లు రాయి!"

కేకలు విని పైకొచ్చిన రుష్దీ బే మనుషులు తలుపు బద్దలుకొట్టేసరికి ఆమె పన్నెండుసార్లు రాసింది.

ఆమె పేరు ఇంజీ. రుష్దీ బే ఆఫీసు టైపిస్టే; లోపలి గదిలో పనిచేసేది కాబట్టి వఫీక్ ఎప్పుడూ చూళ్లేదు. కోడ్‌వర్డులు టైపు చేసిందీ ఆమే. ఆమె అద్దె గదిలో కట్టిపడేసిన సుహైలా ప్రాణాలతో దొరికింది. వారంలో పదకొండుమందీ ఇల్లు చేరారు.

వఫీక్ జరిగిందంతా చెబితే, రుష్దీ బే మొహం పాలిపోయింది.

"మిటిగేట్ అంటే పెంచడం కాదట్రా?"

"కాదు పాషా. తగ్గించడం."

"నాలుగేళ్లుగా లండన్ మిత్రులకి 'మీ సాయాన్ని దయచేసి మిటిగేట్ చెయ్యండి' అని రాస్తున్నాను. అవి టైపు చేస్తూ ఇంజీ తెగ నవ్వేది. నన్ను చూసి మురిసిపోతోందనుకున్నాన్రా!"