గుండె తడికి కటాఫ్

ఆ ఏడు హైదరాబాదులో పిల్లలను ఏడిపించడానికి ట్యూషన్లు పెట్టారు.

పొద్దున్నే పాలు తాగించి, తల దువ్వి, తల్లులు పిల్లల్ని ఆర్ద్రత ఫౌండేషన్ కోర్సులో దింపి వచ్చేవారు. అక్కడ తెర మీద రెక్క విరిగిన పిచ్చుకను చూపిస్తారు. ఎవరి కళ్ళలో ముందు నీళ్ళు తిరిగితే వాళ్ళకు చప్పట్లు. మెట్రో స్తంభాల మీద నిలువెత్తు ఫొటోలు వేలాడేవి. "మా విద్యార్థి గుండె తడి తొంభై ఆరు!" ఆ ఫొటోలో కుర్రాడు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటాడు.

కారులోంచి ఆ స్తంభాలు కనబడినప్పుడల్లా డాక్టర్ హైమవతి చూపు తిప్పుకునేది. ఆ అంకెను లోకానికి ఇచ్చింది తనే.

అది రెండువేల ఎనభై ఒకటో సంవత్సరం. కొలువులన్నీ యంత్రాల పాలయ్యాక, మనిషే కావాలని పట్టుబట్టే ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. వాటిలో అన్నిటికన్నా పైది శరభదళం. బందీలను విడిపించడం, అల్లర్లు అణచడం, విపత్తుల్లో చిక్కుకున్నవాళ్ళను బయటికి తేవడం దాని పని. లక్షల మంది దరఖాస్తు చేస్తే గుప్పెడు మందిని తీసుకునేవారు.

ఒకప్పుడు ఆ ఎంపికంతా పరుగు, ఈత, గురి మీదే నడిచేది. అయితే ఒక వరద సహాయ శిబిరంలో బియ్యం కోసం తోసుకున్న జనం మీద ఆ దళం కాల్పులు జరిపింది. చనిపోయినవాళ్ళలో చంటిపిల్లల తల్లులున్నారు. విచారణలో ఒక్క సైనికుడి గొంతు కూడా వణకలేదు. దేశం ఉలిక్కిపడింది. కండబలం ఒక్కటే చాలదనీ, గుండె కూడా చూసి తీసుకోవాలనీ అందరూ అన్నారు. గుండెను చూడడం ఎలాగో మాత్రం ఎవరికీ తెలియలేదు.

హైమవతి అప్పటికి మెదడు శాస్త్రంలో పేరున్న పరిశోధకురాలు. ఎదుటి మనిషి నొప్పి పడుతుంటే, మన నొప్పిని మనకు తెలియజేసే మెదడు భాగమే మనలోనూ మేలుకుంటుంది. దానికి ఆమె పరవేదనా స్పందన అని పేరు పెట్టింది. వెంట్రుకకన్నా సన్నని న్యూరల్ సెన్సర్లున్న శిరస్త్రాణంతో ఆ స్పందనను సున్నా నుంచి వంద దాకా కొలవవచ్చని నిరూపించింది. యంత్రానికి ఆర్ద్రతామాపకం అని పేరు పెడితే వాతావరణ శాఖలోని స్నేహితులు నవ్వారు. "గాలిలో తేమను కొలిచేదాన్ని మేమూ అదే అంటాం కదండీ!" అన్నారు. జనం ఇంకా తేలిక చేసుకుని తడిమీటరు అన్నారు.

దాని ముందు నటన సాగేది కాదు. పేరుమోసిన నటుణ్ణి కూర్చోబెట్టి చూశారు. ఆయన బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే యంత్రం పన్నెండు చూపించింది. ఎదుటివాడి నొప్పి తనకూ తగిలేవాడు చెయ్యెత్తలేడని హైమవతి నమ్మింది. ఆ నమ్మకం మీదే ఆ యంత్రాన్ని కట్టింది.

మొదట కటాఫ్ నలభై. రాతిగుండెలను వడగట్టడానికి అది చాలు. కానీ ఒకసారి అంకె అంటూ పుట్టాక ర్యాంకు పుట్టకుండా ఉంటుందా? పరుగులోనూ గురిలోనూ అందరూ అందరితో సమానమైపోయారు. తేడా చూపించగలిగింది తడి ఒక్కటే. కటాఫ్ అరవై అయింది, ఎనభై అయింది, తొంభై దాటింది.

ఆ ఏటి ఎంపిక పరీక్షలు హార్సిలీ కొండ మీది కేంద్రంలో ముగిశాక బ్రిగేడియర్ యాచమనాయుడు హైమవతిని పిలిపించాడు. ఎంపిక మండలికి ఆయనే అధ్యక్షుడు.

"తొంభై ఏడు దగ్గరే అరవైమంది ఆగిపోయినారు డాక్టరమ్మా. ఎవర్ని తీసుకునేది, ఎవర్ని తోసేసేది? మీ మీటరుకు దశాంశ స్థానాలు కావాల."

"అది థర్మామీటరు లాంటిది నాయుడుగారూ. జ్వరం ఎక్కువున్నవాడికి ఫస్ట్ ర్యాంకు ఇస్తామా?"

"ఇస్తానే ఉన్నాం కదమ్మా, ఇన్నేళ్ళుగా," అని నవ్వాడాయన.

దశాంశాల సంగతి పక్కన పెట్టి, ఆమె ఆ అరవైమంది మెదడు తరంగాల గీతలను తెరిచి చూసింది. మామూలు మనిషికి బాధ దృశ్యం చూపించినప్పుడు గీత అలలా లేచి మెల్లగా పడుతుంది. వీళ్ళ గీతలు దృశ్యం మొదలు కాకముందే పైకి లేచి ఉన్నాయి. యంత్రం వీళ్ళలో బాధ పుట్టించలేదు. బాధతోనే వచ్చి కూర్చున్నారు. ఇటువంటి గీతలను ఆమె ఇంతకుముందు చూసింది, అప్పుడే అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళ మెదళ్ళలో.

ఆరా తీస్తే వాళ్ళలో ఎక్కువమంది విజయనగరం దగ్గరి సహృదయ అకాడమీలో చదివినవాళ్ళే. ఆ అరవైమందిలో ఒకడైన గేదెల పార్వతీశం కొండ మీదే ఉన్నాడని తెలిసి ఆమె పిలిపించింది. పొడుగ్గా, నల్లగా, ఎండకు కాగిన కుర్రాడు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"పరీక్షనాడు పొద్దున ఏం జరిగింది బాబూ?"

"ఏటీ లేదండి."

"పరీక్ష మొదలవకముందే నీ తల ఏడుస్తోంది. ఎవరు పోయారు?"

"మామ్మండి," అన్నాడు అతను.

"మీ నాన్నమ్మా?"

"కాదండి. అకాడమీ మామ్మ. ముందర మా సీనియర్లకి కుక్కపిల్లల్నిచ్చీవోరటండి. పక్కలో పడుకోబెట్టుకుని పెంచాల. పరీక్షనాడు పొద్దున్న దాన్ని ఆల కళ్ళ ముందలే సంపీసీవోరు. దాంతో తొంబై వొచ్చీదట. ఇప్పుడు తొంబై ఏ మూలకండి? అందుకని ముసిలోల్లని ఇత్తన్నారు."

హైమవతికి మొదట ఆ మాట అర్థం కాలేదు. "ఇవ్వడమేమిటి?"

"ఎవులూ లేనోల్లండి. రోగాలతో ఉన్నోల్లు. మనకొకలిని అప్పసెప్తారు. ఒల్లు తుడవాల, తినిపించాల, కబుర్లు సెప్పాల. మా నీలవేణమ్మకి సేపల పులుసంటే పేణమండి. నానే ఒండీవోన్ని. ఉప్పెక్కువైనా 'బాగుందిరా బంగారం' అనీది." పెదవి కొరుక్కున్నాడు. "పరీక్షనాడు తెల్లారగట్ల సారొచ్చి ఆక్సిజన్ గొట్టం తీసీసినారండి. నా ఎదరే. ఆవిడ నా సెయ్యి ఒగ్గలేదండి."

"నువ్వు ఆపలేదా?"

"ఎలాగూ పోయీ పేణమేరా, నీకు పనికొచ్చీలాగ పోతే ఆవిడికీ పున్నెమే అన్నారండి సారు. మరి వెంటనే ఇమానం ఎక్కించీసినారు."

అతను ఏడుస్తున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. అందులో రవ్వంత నటన లేదు. కాసేపటికి చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుని, తలెత్తి అడిగాడు.

"మేడమ్ గోరూ, ఇది సెప్పీసినానని నా మార్కు తగ్గించరు కదండీ?"

హైమవతి లేచి గబగబా వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకుంది.

మర్నాడు ఆమె విజయనగరం వెళ్ళింది. అకాడమీ రెక్టరు శేషఫణి ఎదురొచ్చి కొబ్బరినీళ్ళిచ్చాడు. దాచడానికి తనవద్ద ఏమీ లేనట్టు నేరుగా హాస్టలు వెనకాల హాలులోకి తీసుకెళ్ళాడు. ఫినాయిల్ వాసన మీద మల్లెపూల వాసన చల్లి ఉంది. వరసగా మంచాలు. తెల్లని దుప్పట్ల కింద ఎముకల గూళ్ళు. ప్రతి మంచం తలాపున ఒక పేరుంది. అది పడుకున్నవాళ్ళది కాదు, వాళ్ళను చూసుకునే విద్యార్థిది.

"ఏ వీపు మీదైనా ఒక్క పుండు చూపించండి మేడమ్," అన్నాడు శేషఫణి గర్వంగా. "కన్నపిల్లలు కూడా ఇలా చూడరు. ప్రేమ నిజంగా ఉంటేనే కదండీ మాకు రిజల్టు! అందుకే మొక్కుబడిగా చేసే స్టూడెంట్లను మేం ఉంచుకోం."

ఒక మంచం పక్కన విద్యార్థి ఒకడు ముసలాయన కాలిగోళ్ళు తీస్తున్నాడు. హైమవతి దగ్గరికి వెళ్ళేసరికి తల వంచుకున్నాడు. ముసలాయన మాత్రం బోసినోటితో నవ్వాడు.

"మా మనవడమ్మా," అన్నాడు, కుర్రాడి తల నిమురుతూ. "రకతసంబందం నేదు గానీ మనవడే. ఈడికి ఉజ్జోగమొచ్చీ వరకూ బతికుంటే సాలు నాకు. ఆ ఒక్కటీ సూడాల."

కుర్రాడి చేతిలో గోళ్ళకత్తి ఆగిపోయింది. ముసలాయన పాదం మీద కన్నీటిబొట్టు ఒకటి పడింది. వెనకనుంచి శేషఫణి మెల్లగా, మెచ్చుకోలుగా అన్నాడు: "చూశారా? వచ్చే ఏటి ఫస్ట్ ర్యాంకరు."

ఆ కొబ్బరినీళ్ళు తాగినందుకు హైమవతికి తన నోరంటేనే రోత పుట్టింది. ఇంత నికృష్టం తన యంత్రం నీడలో పెరిగిందన్న ఊహకు ఒళ్ళంతా కడుక్కోవాలనిపించింది. పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చి, అక్కడినుంచే కొండకు బయలుదేరింది.

యాచమనాయుడు ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఆ రోజు ఆమె రికార్డు చేసిన పార్వతీశం మాటలు కూడా విన్నాడు. నీలవేణమ్మ చెయ్యి వదల్లేదన్న చోట ఆయన కళ్ళు నిండాయి. హైమవతికి ప్రాణం లేచొచ్చింది. ఇంకేం, ఈ పూటతో ఇది ఆగిపోతుందనుకుంది.

"గొట్టం తీసినాక ఆ పిల్లోడు పరీక్షకు టైముకు వచ్చినాడా?" అని అడిగాడాయన.

"వచ్చాడు."

"తర్వాత గురి పరీక్షలో?"

"ఒక్క గుండూ తప్పలేదు. ఎందుకు?"

బ్రిగేడియరు కిటికీ వైపు తిరిగాడు. "నేనింతకాలం వెతికింది వాణ్ణేనమ్మా. రాతిగుండెవాడు ఆజ్ఞ లేకున్నా కాలుస్తాడు, వాడు మాకు ముప్పు. మెత్తనివాడు ఆజ్ఞ ఇచ్చినా కాల్చడు, వాడు మాకు దండగ. ఏడుస్తా కాల్చేవాడు కావాల. వాణ్ణి ఎట్ల పట్టుకునేదో మాకు తెలిసేది కాదు. ఆ అకాడమీవాడు కనిపెట్టినాడు."

"మీరు మనిషేనా?" హైమవతి అరిచింది. "ఇన్నాళ్ళూ పిల్లల గుండెలు కొలిచారే, మీ తల మీద ఎప్పుడైనా పెట్టుకున్నారా దాన్ని?"

"పెట్టండి," అన్నాడాయన. కోపం రాలేదు. టోపీ తీసి బల్లమీద పెట్టి, బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె ఆయనకు శిరస్త్రాణం తొడిగి, పార్వతీశం గొంతు మళ్ళీ వినిపించింది. ఇరవై దాటదని ఆమెకు నమ్మకం. దాటకూడదని కోరిక కూడా. ఆ ఒక్క అంకె చేతికొస్తే చాలు, ఈ మనిషి వేరే జాతి అని లోకానికి చూపించవచ్చు.

గీత అలలా లేచింది. నలభై దాటింది. ఎనభై దాటింది. తొంభై ఐదు దగ్గర నిలబడింది.

యంత్రం చెడిందనుకుని ఆమె ఇంకో శిరస్త్రాణం తెచ్చి తొడిగింది. ఈసారి తొంభై ఆరు. పాత దుఃఖమేదీ లేదు, మందులేవీ లేవు. శుభ్రమైన గీత. అవతలి మనిషి నొప్పి ఆయనకు నిజంగా, నిండుగా తగులుతోంది.

హైమవతి కుర్చీలో కూలబడింది. యంత్రంలో ఏ లోపమూ లేదు. చూడమన్నదాన్ని ఇన్నేళ్ళుగా అది సరిగ్గానే చూస్తూ వచ్చింది. వరద శిబిరంలో కాల్చినవాళ్ళ తలల మీద దీన్ని పెట్టి ఉంటే ఎంత చూపించేదో! వాళ్ళ గొంతు వణకలేదన్నారే తప్ప గుండె సంగతి ఎవరికి తెలుసు? నొప్పి తెలిసినవాడు నొప్పించడని ఆమెకు ఎవరు చెప్పారు? ఏ ప్రయోగంలో రుజువైంది? అసలు ఆ ప్రశ్న పరీక్షించాలనే ఆమెకు తోచలేదు. తన చేతులే తనకు మురికిగా కనబడ్డాయి.

"నేను కోర్టుకు వెళ్తాను," అంది.

"వెళ్ళండమ్మా. వెళ్ళాల కూడా." బ్రిగేడియరు శిరస్త్రాణం తీసి జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. ఆ మాటలో వెక్కిరింత లేదు. "మీవంటివాళ్ళు ఉండబట్టే లోకం నిలబడుంది. మంచినీళ్ళు తాగండి, ముఖం పాలిపోయింది."

తర్వాత ఆయన గోడలోని లేఖక యంత్రం వైపు తిరిగాడు.

"రాసుకో. వచ్చే ఏటి నుంచి ఎంపిక ప్రమాణాల్లో మార్పు. తడి కటాఫ్ తొంభై. ఆపైన కొత్తగా వియోగ పరీక్ష. అభ్యర్థులకు వృద్ధులను దళమే కేటాయిస్తుంది. ప్రైవేటు అకాడమీల జోక్యం ఉండదు."

"నమోదైంది," అంది యంత్రం.

ఆయన కిటికీ తలుపు మూశాడు.

"ఈ కొండ మీద చలి ఎక్కువ. ఆ ముసలివాళ్ళకు మంచి ఉన్ని దుప్పట్లు ఇవ్వాలని కూడా రాయి."

"ఒక్కొక్కరికి ఒకటా, రెండా?"

"రెండు," అన్నాడు యాచమనాయుడు, కళ్ళు తుడుచుకుంటూ.