మూడో అంతస్తు బాల్కనీ

ఆ హాస్టల్లో మూడో అంతస్తు చివరి బాల్కనీకి చెడ్డపేరుంది. పొద్దుగూకాక అక్కడ ఎవరూ నిలబడరు. నిలబడితే ఇంకెవరో వచ్చి పక్కన ఆనుకున్నట్టు కాళ్లకింద నేల మెల్లగా వంగుతుందట. తిరిగి చూస్తే — ఎవరూ ఉండరట. ఎప్పుడైనా ఒకసారి వేళ్లు విరిచినట్టు ఓ చప్పుడు... అంతే.

మా అన్న మనవరాలు ఆ హాస్టల్లోనే ఉండి ఇంజనీరింగ్ చదివింది. అది చెప్పిందే చెబుతున్నాను. కల్పించి చెప్పే ఓపిక నాకు లేదు.

మెకానిక్స్ ఆఫ్ మెటీరియల్స్ అని ఓ సబ్జెక్టు. ఏ వస్తువు ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ సాగుతుంది, ఎప్పుడు విరుగుతుంది — అదీ చదువు. మా పిల్ల అందులో రెండుసార్లు తప్పింది. గదిలో చూస్తే ఒకటే గోల. ఓ రాత్రి పుస్తకం చంకన పెట్టుకుని ఆ బాల్కనీకే బయల్దేరింది.

"పోవే, పో! నీ మార్కులు చూసి దెయ్యమే దడుచుకుంటుంది," అంది గదిలో ఉండే పిల్ల. దాని నోటి ధాటికి అందరూ దాన్ని రేడియో అంటారు.

కాసేపటికి కరెంటు పోయింది. ఒకటే ఉక్క. సరిగ్గా కింది అంతస్తు బాల్కనీలోకి ఆడపిల్లలంతా గాలికి వచ్చి చేరారు. రేడియో కూడా. కింద నవ్వులు... పైన మా పిల్ల ఒక్కతే, ఫోను వెలుగులో.

పుస్తకంలో ఓ దూలం బొమ్మ ఉంది. ఒక కొస గోడలో, రెండో కొస గాల్లో. ఎంత చూసినా బుర్రకెక్కలేదు. రబ్బరు ముక్కను సగందాకా పుస్తకంలో ఇరికించి, బయటి కొసను వేలితో నొక్కింది. రబ్బరు పైవైపు సాగింది... సాగి, పుస్తకం అంచు దగ్గర చిన్న నెర్రె విచ్చింది.

అప్పుడే కాళ్లకింద — టప్!

వెలుగు నేలకు తిప్పింది. గోడ వారగా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా నల్లటి గీత. గోరు పెట్టింది, దూరింది. వేలు పెట్టింది... అదీ దూరింది.

ఈ బాల్కనీ కూడా ఆ బొమ్మలోని దూలంలాంటిదే. సాగేది పైభాగం. కాంక్రీటుకు సాగే గుణం లేదు కనక, పట్టి ఉంచే ఇనప కడ్డీలు పైనే ఉండాలి. స్లాబు పోసేటప్పుడు కాళ్లతో తొక్కితే అవి అడుక్కి దిగిపోతాయనీ, దగ్గరుండి లేపి కట్టించాలనీ మేష్టారు చెప్పారు. ఇక్కడ దగ్గరున్న మహానుభావుడు ఎవడూ లేడన్నమాట!

నేల వంగేది నిజమే. పక్కన ఎవరూ ఆనుకోనక్కర్లేదు.

అదురు తగలకుండా, ఊపిరి బిగబట్టి, గీత దాటి గుమ్మంలోకి పాకింది. ఇది విరిగితే పడేది... కింద వాళ్ల నెత్తిన!

మెట్లన్నీ దూకి వెళ్లింది.

"లోపలికి రండే! పైది విరుగుతోంది!"

"ఏమిటే విరిగేది?"

"బాల్కనీ! కడ్డీలు అడుగున పడ్డాయి... పైభాగం సాగి..."

"అబ్బో! తప్పినమ్మ పాఠం చెబుతోందర్రా, వినండి!" అంది రేడియో. అందరూ గొల్లుమన్నారు. ఒక్కతీ కదల్లేదు.

పైనుంచి సున్నం రాలింది. ఎవరో జుట్టు దులుపుకున్నారు. మళ్లీ నవ్వులు.

మా పిల్ల గొంతు చించుకుని అరిచింది — "దెయ్యం! పైనుంచి దిగుతోంది... రేడియో, నీ వెనకే!"

చూడాలి ఆ పరుగు! చెప్పులొదిలేసి, ఒకరిమీద ఒకరు పడి, గుమ్మంలోంచి లోపలికి... ఆఖరి పిల్ల జడ గుమ్మం దాటిందో లేదో — కొండ విరిగినట్టు మోత. దుమ్ము అణిగాక చూస్తే, గుమ్మం అవతల ఆకాశం. పై బాల్కనీ, కింది బాల్కనీని కూడా పట్టుకుపోయింది.

మర్నాడు ఆ ముక్కలు చూశారు. కడ్డీలన్నీ అడుగునే. మా పిల్ల వార్డెనమ్మను చెయ్యి పట్టుకు తీసుకెళ్లి చూపించింది.

"ఎవరికీ ఏం కాలేదుగా! ఊరుకో తల్లీ," అందావిడ.

కట్టిన కాంట్రాక్టరూ వచ్చాడు. రాళ్లగుట్ట వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడట — "ఆ చోటే మంచిది కాదమ్మా... దెయ్యం ఉందని నేనూ విన్నాను."

వాణ్ణి అడిగినవాడు లేడు. హాస్టలంతా ఇప్పటికీ అదే మాట — దెయ్యమే విరగ్గొట్టిందని.

వాడిప్పుడు ఇంకో హాస్టల్ కడుతున్నాడు. మొన్ననే మూడో అంతస్తు బాల్కనీలు పోశారు.

అక్కడ ఇంకా దెయ్యం లేదు. పిల్లలు హాయిగా నిలబడతారు.