గోడలో మనిషంత ఖాళీ

స్కానర్ గిర్రున తిరుగుతోంది. మూడు కాళ్ల స్టాండు మీద కొబ్బరిబోండాం అంత యంత్రం. కడలిపేటని సముద్రం మింగేసేలోపు ఊళ్లో ప్రతి ఇంటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని పరిశోధకురాలు డాక్టర్ సౌదామిని పంతం. ఆ వేళ దానయ్య ఇంటి వంతు.

యంత్రం సంగతి బ్రహ్మవిద్యేం కాదు. లేజర్ కిరణం వెళ్లి గోడకి తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి, ఆ చోటు ఎంత దూరమో లెక్కకట్టి, అక్కడొక చుక్క పెడుతుంది. అలాంటి చుక్కలు కోట్లు చేరితే పగిలిన పెంకుతో సహా ఇల్లు తయారు. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని అందులో తిరగొచ్చు కూడా. ఒకటే లోపం. ఏదైనా అడ్డం ఉంటే దాని వెనక గోడ యంత్రానికి కనపడదు, బీరువా వెనక్కి సున్నం బ్రష్షు వెళ్లనట్టే. అందుకే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు.

ఖాళీ చెయ్యమంటే మన దానయ్య ఏం చేశాడు? గడ్డం గీయించుకుని, స్నానం చేసి, పెట్టెలోని జరీ అంచు పంచె కట్టుకుని వచ్చి అరుగు మీద గోడకి చేరబడ్డాడు. ఇల్లు ఫొటో తీస్తుంటే ఇంటాయన లేకపోతే ఎలా మరి! ఎవరు సెల్లు ఎత్తినా మొహం తిప్పేసుకునే మనిషి, ఆ వేళ బొమ్మలా కూర్చున్నాడు.

"ఊపిరైనా తీయట్లేదు చూడండి," అంది భార్య నూకరత్నం నవ్వుతూ. "రేపు తను పోయాక దండెయ్యడానికి ఇదే ఫొటో అంటండి. ఆధార్ కార్డులో దొంగోడిలా పడ్డాడంట."

"నోరు ముయ్యవే, కదిలిపోతాను," అన్నాడు దానయ్య పెదాలు కదపకుండా.

లేవమని చెప్పబోయి సౌదామిని మానుకుంది. అంత ముచ్చటపడి కూర్చున్న పెద్దాయన్ని ఎలా లేపడం? తర్వాత చెరిపేస్తే సరిపోతుందిలే అనుకుంది.

యంత్రం ఆగింది. "బాగా పడ్డానా అమ్మగోరూ?" అన్నాడు దానయ్య.

"చాలా బాగా పడ్డారు తాతగారూ."

అయ్యో, ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బావుండేది!

ఆఫీసులో ఆయన్ని చెరిపేసింది. ఆయన వెనక యంత్రం చూడని గోడ మేర నల్లటి ఖాళీ మిగిలింది. చుట్టుపక్కల గోడని చూసి సాఫ్ట్‌వేర్ దాన్నీ పూడ్చేసింది. పని బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. సర్వర్‌లో చోటు చాలక అసలు స్కాన్‌ని తీసేశారు.

మరుసటి వానాకాలం ఊరు సముద్రంలో కలిసిపోయింది. ఊరివాళ్లని దూరంగా కాలనీకి మార్చారు. అక్కడ అల చప్పుడు లేక నిద్ర పట్టడం లేదంటూనే దానయ్య జ్వరంతో పోయాడు.

ఏడాది తిరగబోతుండగా నూకరత్నం ఆ కంప్యూటర్ ఇళ్లని చూపించే కాకినాడ ప్రదర్శనశాలకి వచ్చింది. సంవత్సరీకానికి ఫొటో కావాలి. సౌదామిని ఆవిడకి కళ్లద్దాలు పెట్టింది.

"ఓలమ్మో, నా పొయ్యి! తలుపుకి ఆ బీటలు కూడా వచ్చేశాయండి!" సంబరంగా తిరిగి తిరిగి అరుగు దగ్గర ఆగింది. "మా ఆయనేడండీ?"

"నేనే చెరిపేశానమ్మా," అంది సౌదామిని. "ఇందులో మనుషులు ఉండకూడదని..."

"బాగా పడ్డానని చెప్పారంట కదండీ? పోయేదాకా కాలనీ అంతా చెప్పుకుని తిరిగాడు."

సౌదామిని సిగ్గుతో చచ్చిపోయింది. కంప్యూటరంతా గాలించింది. అసలుది లేదు. పూడ్చకముందు సగం పనిలో దాచిన కాపీ ఒకటి దొరికింది. అందులో గోడ, అరుగు, మధ్యలో నల్లటి ఖాళీ.

నూకరత్నం తెర మీద ఆ ఖాళీ అంచు వెంట వేలు పోనిచ్చింది. "ఎడం భుజం దిగిపోయింది చూశారా? వల లాగి లాగి అలా అయిపోయిందండి. మెడ కూడా అటే వాల్చాడు. ఈయనే."

"అది ఆయన కాదమ్మా. యంత్రానికి కనపడని గోడ."

"ఆయన అడ్డం కూర్చోబట్టే కదండీ కనపడలేదు?"

అదే ఫొటోగా ఇమ్మంది నూకరత్నం. అడిగినట్టే సౌదామిని ప్రింటు తీసి ఫ్రేము కట్టించి ఇచ్చింది. సంవత్సరీకం రోజున కాలనీలో ఆ ఖాళీకే బొట్టు పెట్టి దండ వేశారు. ఆయనకిష్టమైన చేపల పులుసు ముందు పెట్టారు. సౌదామిని వెళ్లి ఒక మూల నిలబడింది. ఆవిడ్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, అంటేనే నయంగా ఉండేది.

ప్రదర్శనశాలలో దానయ్య ఇల్లు ఇప్పటికీ నిండుగా ఉంది, గోడలో ఎక్కడా చిల్లు లేదు. చూసినవాళ్లంతా అచ్చం అలాగే ఉందంటారు. నూకరత్నం మాత్రం మళ్లీ అక్కడికి రాలేదు.